కత్తి కట్టాక లెక్క చెల్లదు

శుక్రవారం అరకు సంతలో కోళ్ల బేరాలు సాగే చోట ఎప్పుడూ సందడే. చుట్టుపక్కల కొండల మీది ఊళ్ల నుంచి బగతలు, కొండదొరలు, కోటియలు, పోర్జలు, కోదులు దిగి వస్తారు. పసుపు, అల్లం, చింతపండు, అడ్డాకుల కట్టలతో పాటు కాళ్లు కట్టిన నాటుకోళ్లనూ చంకన పెట్టుకొస్తారు. కూరకు కొనేవాళ్లు కోడిని చేత్తో ఎత్తి, బరువు అంచనా కట్టి ధర అడుగుతారు. పందేనికి కొనేవారి చూపు వేరు. ముందు కాళ్ల పొలుసులు చూస్తారు. మెడ పొడవు, ముక్కు వంపు, రొమ్ము గట్టిదనం చూస్తారు. నేల మీద వదిలి నడక గమనిస్తారు. ఇంకో పుంజును ఎదురు పెట్టి, మెడ ఈకలు ఎంత తొందరగా నిక్కుతున్నాయో కనిపెడతారు. సంక్రాంతి దగ్గరపడేకొద్దీ ఇలాంటి కొనుగోలుదార్లూ పెరుగుతారు, ధరలూ పెరుగుతాయి.

వీళ్లందరూ తేల్చుకోవాలనుకునేది ఒక్కటే. ఇంకా జరగని పోరులో గెలుపు ఎవరిది?

ఇదే ప్రశ్న ఏటా మార్చి నెలలో అమెరికాను ఊపేస్తుంది. అక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్‌ జాతీయ టోర్నమెంట్‌లో 68 జట్లు ఆడతాయి. కోట్లమంది ఎవరు ఎవరిని ఓడిస్తారో ముందే రాసిపెట్టుకుంటారు, పందేలు కాస్తారు. అక్కడ కంప్యూటర్లు, గణాంకాలు. ఇక్కడ పుంజు రంగు, నక్షత్రం, దిక్కు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, గెలుపును ముందే చెప్పడం ఎక్కడ వీలవుతుందో, ఎక్కడ కాదో తెలుస్తుంది. వీలైన చోట కూడా పందెం కాసినవాడి జేబులో డబ్బు ఎందుకు మిగలదో కూడా తెలుస్తుంది.

పుంజు పుట్టిల్లు

పందెం కోడి అనగానే భీమవరం గుర్తొస్తుంది గానీ, ఆ పుంజు మూలాలు కొండల్లోనూ ఉన్నాయి. పోరుకు పేరుపడ్డ అసీల్‌ జాతికి స్వస్థలాలుగా పశుసంపద నిపుణులు చెప్పేవి ఆంధ్రప్రదేశ్‌, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌. పుంజు నాలుగు కిలోల దాకా తూగుతుంది, పెట్ట మూడు కిలోల దాకా. పొడవాటి మెడ, పొడవాటి కాళ్లు, నిటారైన నిలువు, ఎదుటి పుంజు కనబడితే వెనక్కి తగ్గని మొండితనం దీని లక్షణాలు. గుడ్లు ఏడాదికి వందలోపే పెడుతుంది. కానీ పెట్ట శ్రద్ధగా పొదుగుతుంది, పిల్లల్ని కాచుకుంటుంది. వారపు సంతల దగ్గర పుంజుల్ని పోటీకి దించడం ఈ కొండల నుంచి బస్తర్‌ దాకా పాత అలవాటే. ఓడిన పుంజు గెలిచినవాడి ఇంటికి కూరకు పోతుంది.

తెలుగువారి కథల్లో ఈ పోరు చాలా పాతది. పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడి పక్షాల మధ్య జరిగిన కోడిపందెంలో ఓడినవారు ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లాలి. బ్రహ్మనాయుడి పక్షం ఓడింది. ఆ తర్వాత జరిగిన యుద్ధం 12వ శతాబ్దం నాటిదని చెబుతారు.

అంతకన్నా ముందటి కథ ఒకటి దండి రాసిన దశకుమారచరితంలో ఉంది. ఆ గ్రంథాన్నే 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చి అభినవ దండి అనిపించుకున్నాడు. ప్రమతి అనే కుమారుడు శ్రావస్తికి పోతూ దారిలో కోడిపందెం చూస్తాడు. తూర్పు వాడవారి పుంజు నారికేళ జాతిది, పడమటి వాడవారిది బలాకా జాతిది. బలంలో, ఒడ్డూపొడవులో నారికేళానిదే పైచేయి. ఆలోచన లేకుండా ఈ రెంటినీ జత కట్టారే అని ప్రమతి నవ్వుకుంటాడు. సంగతి తెలుసుకున్న పక్కనున్న పెద్దాయన, తెలియనివాళ్లకు చెప్పి చెడగొట్టవద్దని ఆపి, తాంబూలం చేతిలో పెడతాడు. పోరు ముగుస్తుంది, పడమటి పుంజు ఓడుతుంది. ప్రమతి అంచనా నిజమవుతుంది. ఆ పెద్దాయన పందెం గుట్టు తెలిసినవాడు. తనకు తెలిసింది ఎదుటి పక్షానికి తెలియనంతసేపే దానికి విలువ. అందరికీ తెలిస్తే అలాంటి జత కట్టేవాళ్లుండరు, అటువైపు డబ్బు పెట్టేవాళ్లూ ఉండరు.

రంగు, తార, దిక్కు

ప్రమతి జాతి చూసి చెప్పాడు. కోస్తాలోని బరుల దగ్గర పందెం రాయుళ్లు తిరగేసే కుక్కుటశాస్త్రం అక్కడితో ఆగదు. ముందు పుంజును రంగునుబట్టి విడదీస్తుంది. నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎర్రనిది డేగ, రెక్కల మీదో వీపు మీదో పసుపు ఈకలుంటే నెమలి, మెడ మీద నలుపు తెలుపు సమంగా ఉంటే పర్ల, మెడ నల్లగా ఉంటే సవల. ఇంకా కౌజు, మైల, పూల, పింగళ, వీటి కలగలుపులు. ఏ నక్షత్రం నడిచేటప్పుడు ఏ రంగు ఏ రంగును ఓడిస్తుందో, ఏ వారం పుంజును ఏ దిక్కు నుంచి బరిలోకి దించాలో చెబుతుంది. రోజును జాములుగా చేసి, ఏ జాములో ఏ పుంజుకు రాజ్యం, ఏ పుంజుకు నిద్ర అని అవస్థలు లెక్కగడుతుంది.

ఈ రంగుల పేర్లలో తరాల చూపు దాగి ఉంది. ఒక్కో ఈకను అంత నిశితంగా గమనించి పేరు పెట్టిన పెంపకందారుల పరిశీలనను తక్కువ చేయలేం. ఇబ్బంది అంతా గెలుపోటముల జోస్యం దగ్గరే.

ఒక లెక్క వేసి చూద్దాం. రంగులు పదే అనుకుంటే, వేర్వేరు రంగుల జతలు 45 అవుతాయి. వాటిని 27 నక్షత్రాలతో, 7 వారాలతో, 5 అవస్థలతో కలిపితే 42,525 సందర్భాలు. ఒక్కో సందర్భంలో శాస్త్రం చెప్పింది నిజమో కాదో తేల్చడానికి కనీసం వంద పోరులు చూడాలన్నా, 42 లక్షలకు పైగా పందేలు ఎవరో కూర్చుని రాసిపెట్టాలి. అలాంటి పుస్తకం ఏ ఊళ్లోనూ లేదు. దాని బదులు జ్ఞాపకం ఉంది. అది ఫలించిన మాటల్నే దాచుకుంటుంది. ఫలించనప్పుడు తార మారే వేళ అనో, దిక్కు తప్పిందనో సర్దుకోవడానికి కావలసినన్ని దారులుంటాయి.

పందెం పుంజు చరిత్ర కూడా చాలా పొట్టిది. కత్తి పందెంలో ఓడిన పుంజు సాధారణంగా బతకదు. గెలిచినదీ గాయాలతో బయటపడి మళ్లీ దిగేది కొద్దిసార్లే. పోరుల వివరాలు లేని చోట నక్షత్రం వచ్చి కూర్చుంటుంది.

బంతి చేతికి 70 సార్లు

కాలేజీ బాస్కెట్‌బాల్‌ జట్టు ఒక్క సీజన్‌లో 30కి పైగా ఆటలు ఆడుతుంది. 40 నిమిషాల ఆటలో బంతి ఒక్కో జట్టు చేతికి దాదాపు 70 సార్లు వస్తుంది. ప్రతిసారీ ఏం జరిగిందో నమోదవుతుంది. ఒకప్పుడు వాతావరణ శాస్త్రవేత్తగా పనిచేసిన కెన్‌ పొమెరాయ్‌ అనే ఆయన ఈ నమోదులతోనే జట్లకు ర్యాంకులు కడతాడు. బంతి వందసార్లు చేతికొస్తే జట్టు ఎన్ని పాయింట్లు చేస్తుంది, ఎదుటివారికి ఎన్ని వదులుతుంది అనేది ఆయన లెక్కకు ఆధారం. చదరంగంలో ఆర్పాడ్‌ ఎలో అనే భౌతికశాస్త్రవేత్త తెచ్చిన రేటింగూ ఇలాంటిదే. ఇద్దరి మధ్య తేడా 100 పాయింట్లుంటే పైవారికి దాదాపు 64 శాతం, 400 ఉంటే దాదాపు 91 శాతం ఫలితం దక్కాలని ఆ సూత్రం చెబుతుంది. గెలిచినకొద్దీ, ఓడినకొద్దీ ఈ అంకెలు సర్దుకుంటూ ఉంటాయి. చెప్పింది తప్పితే ఆ తప్పు లెక్కలోకి ఎక్కుతుంది. కుక్కుటశాస్త్రంలో లేనిది ఈ ఏర్పాటే.

ఆటలో అవకాశాలు ఎన్నిసార్లు వస్తాయన్నది జోస్యానికి ప్రాణం. రెండు పుంజుల్లో ఒకటి కాస్త మెరుగైనది, ఒక్కో తాపులో దానిది పైచేయి అయ్యే అవకాశం 55 శాతం అనుకుందాం. 101 తాపుల్లో ఎక్కువ గెలిచినదే విజేత అనే నియమం ఉంటే, మెరుగైన పుంజు గెలిచే అవకాశం 84 శాతం దాకా పెరుగుతుంది. మొదటి తాపుతోనే పోరు ముగిసిపోతే మాత్రం అది 55 దగ్గరే ఆగిపోతుంది. తేడా కొంచెమే అయినా, ఎక్కువసార్లు తలపడితేనే అది బయటపడుతుంది.

కత్తి చేసే పని ఇక్కడే అర్థమవుతుంది. కత్తి లేకుండా సాగే డింకీ పందెంలో పోరు చాలాసేపు నడుస్తుంది. అక్కడ జాతి, మేత, ఊపిరి, మొండితనం అన్నీ లెక్కకొస్తాయి. పుంజును చిన్నప్పటి నుంచి చూసినవాడి మాటకు అక్కడ కొంత బలం ఉంటుంది. కాలికి పదునైన కత్తి కడితే ఒక్క ఎగురు, ఒక్క వేటుతో అంతా అయిపోవచ్చు. నెలల తరబడి ఈత కొట్టించి, బాదంపప్పు, గుడ్లు, ఖీమా మేపి పెంచిన పుంజు కూడా ఎదుటి కత్తి తగిలితే క్షణంలో పడిపోతుంది. ఆ కత్తికి పట్టుకున్న మనిషి, ఎదుటి పుంజు అన్న తేడా కూడా ఉండదు. 2021 ఫిబ్రవరిలో తెలంగాణలోని జగిత్యాల జిల్లాలో పుంజు కాలికి కట్టిన కత్తి తగిలి మనిషే ప్రాణం కోల్పోయాడు.

అన్ని లెక్కలున్న బాస్కెట్‌బాల్‌లోనూ తారుమారులు తప్పవు. టోర్నమెంట్‌కు ముందు ఇచ్చే క్రమంలో మొదటి స్థానం దక్కిన జట్లు, 16వ స్థానం జట్లతో 1985 నుంచి తలపడి వరుసగా 135 సార్లు గెలిచాయి. 2018 మార్చి 16న ఆ వరస తెగింది. అందరికన్నా మేటి అనుకున్న వర్జీనియా జట్టును మేరీలాండ్‌ బాల్టిమోర్‌ కౌంటీ విశ్వవిద్యాలయం 74–54తో ఓడించింది. అదే వర్జీనియా మరుసటి ఏడాది ఛాంపియన్‌ అయింది. ప్రాథమిక దశ దాటాక మిగిలే 63 ఆటల ఫలితాల్నీ గుడ్డిగా సరిగ్గా ఊహించే అవకాశం దాదాపు 92 వేల కోట్ల కోట్లలో ఒకటి. ఈ ఆటలన్నిటి ఫలితాల్నీ ముందే సరిగ్గా రాసిపెట్టిన మనిషి ఎవరూ ఇంతవరకు నమోదు కాలేదు.

బరి తీసుకునే వాటా

సరే, ఒకరికి నిజంగానే చూపు ఉందనుకుందాం. అయినా డబ్బు లెక్క వేరేగా నడుస్తుంది.

రెండు పక్షాలూ చెరి వెయ్యి రూపాయలు పెట్టాయి. గెలిచినవాడి లాభంలో పదో వంతు నిర్వాహకులది అనుకుందాం. గెలిస్తే 900 వస్తాయి, ఓడితే 1,000 పోతాయి. వంద పందేల్లో 50 గెలిచి 50 ఓడినవాడు 45,000 సంపాదించి 50,000 పోగొట్టుకుంటాడు. సగం సరిగ్గా చెప్పినా అయిదు వేలు నష్టం. అసలు చేతికి రావాలంటేనే నూటికి 53 సరిగ్గా చెప్పాలి. అమెరికాలోనూ ఇదే లెక్క. అక్కడ సాధారణంగా 100 డాలర్లు గెలవడానికి 110 పెట్టాలి. దాంతో నష్టం రాకుండా నిలవాలంటేనే 52.4 శాతం సరిగ్గా చెప్పాలి. పందెం ఎవరు గెలిచినా, ఓడినా నిర్వాహకుడికి తన వాటా అందుతూనే ఉంటుంది.

పైగా బరిలో జతలు కట్టేటప్పుడు ఎదురుబొదురు పుంజులు సమానంగా ఉండేలా చూస్తారు. బరువు చూస్తారు, ఎత్తు చూస్తారు, అనుభవజ్ఞులు ఇద్దరి పుంజుల్నీ చేత్తో పట్టి చూస్తారు. మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్‌ గీర్ట్జ్‌ ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో కోడిపందేలను గమనించి, 57 పోరుల వివరాలు సేకరించి, 1972లో పేరుపొందిన వ్యాసం రాశారు. అసలు పందెం సొమ్ము పెద్దదయ్యేకొద్దీ పుంజుల జోడీ మరింత సమంగా కుదుర్చుతారని, ఫలితం ముందే చెప్పడం అంతే కష్టమవుతుందని ఆయన గమనించారు. పెద్ద సొమ్ము ఉన్న చోట నైపుణ్యానికి చోటు తగ్గిపోవడం ఇక్కడి విచిత్రం. ప్రమతి చూసినలాంటి పొరపాటు జోడీ పెద్ద బరిలో దొరకడం అరుదు.

వరసగా ఆరు గెలిచినవాడు

ఇన్ని చెప్పినా ఊళ్లో ఎవరో ఒకరు ఆరు పందేలు వరసగా గెలిచారన్న మాట వినపడుతూనే ఉంటుంది. అది అబద్ధం కానక్కరలేదు. 64 మంది బొమ్మా బొరుసూ వేసినట్టు పందేలు కాస్తే, ఆరు వరసగా గెలిచేవాడు వారిలో సగటున ఒకడుంటాడు. మిగతా 63 మంది కథ ఎవరూ చెప్పుకోరు. గెలిచినవాడికి చెయ్యి మంచిదని పేరొస్తుంది, మరుసటి సంక్రాంతికి అతని చుట్టూ జనం మూగుతారు.

ఫోన్‌ సిగ్నల్‌ కొండలెక్కాక ఈ ఎర కొత్త రూపంలో వచ్చింది. క్రికెట్‌ మ్యాచ్‌లో గెలిచేదెవరో ముందే చెబుతామని ప్రకటనలు వస్తాయి. మోసం నడిచే తీరు సులభం. సగం మందికి ఒక జట్టు గెలుస్తుందని, మిగతా సగానికి ఇంకో జట్టని పంపుతారు. తప్పు జోస్యం అందుకున్నవాళ్లను వదిలేసి, సరైనది అందుకున్నవాళ్లను మళ్లీ రెండు పాయలు చేస్తారు. అలా అయిదారు విడతలయ్యాక మిగిలిన కొద్దిమందికి జోస్యం పంపిన మనిషి దేవుడిలా కనబడతాడు. అప్పుడు రుసుము అడుగుతాడు. పందేల యాప్‌లకు ప్రచారం చేశారని సినిమా తారలు, యూట్యూబర్ల మీద 2025లో తెలంగాణ పోలీసులు కేసులు పెట్టడంతో ఈ వ్యాపారం ఎంత విస్తరించిందో బయటపడింది.

మన్యంలో ఈ ప్రమాదానికి ఒక కాలం కలిసొస్తుంది. అరకు, పాడేరు ప్రాంతాల్లో కాఫీ పండ్లు కోసేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఏడాది పొడవునా ఎదురుచూసిన సొమ్ము చేతికొచ్చేది అప్పుడే. సంక్రాంతి బరులు వెలిసేదీ అప్పుడే. గిరిజన కుటుంబానికి ఆ డబ్బే బియ్యం, బట్టలు, పిల్లల చదువు, అప్పు తీర్చే దారి. వందలో అయిదు చొప్పున కరిగిపోయేది ఆ సొమ్మే.

చట్టం ఏమంటోంది

జంతువుల్ని పోరుకు రెచ్చగొట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. పందెం కాయడాన్ని 1974 నాటి ఆంధ్రప్రదేశ్‌ గేమింగ్‌ చట్టం నిషేధించింది. 2016 డిసెంబరులో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు కోడిపందేలను అడ్డుకోవాలని అధికారులను ఆదేశించింది. అయినా ఏటా భోగి నుంచి కనుమ దాకా బరులు వెలుస్తూనే ఉన్నాయి.

ఆటలో నేర్పు ఉంటే జూదం కాదన్న వాదన తెలుగునేల మీది కేసులోనే బలపడింది. రమ్మీలో నేర్పుదే ప్రధాన పాత్ర అని సుప్రీంకోర్టు 1967లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సత్యనారాయణ కేసులో చెప్పింది. 1996లో గుర్రప్పందేల విషయంలోనూ ఇలాంటి మాటే చెప్పింది. కోడిపందేలకు ఈ వాదన అక్కరకు రాదు. ఎంత నేర్పున్నా హింస హింసే. ఆన్‌లైన్‌ పందేల సంగతికి వస్తే, తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్‌ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్‌ గేమింగ్‌ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్‌ ఆటలన్నిటినీ నిషేధించింది. నేర్పా, అదృష్టమా అన్న తేడాను అది పక్కన పెట్టేసింది.

పెట్టను ఎరిగినవాళ్లు

కోడిని చూసి చెప్పగలిగిన మాట ఒకటి మన్యంలో ఎప్పటి నుంచో ఉంది. దానికి బరితో పని లేదు. ఏ పెట్ట శ్రద్ధగా పొదుగుతుంది, ఏది గద్దను చూసి పిల్లల్ని రెక్కల కింద దాస్తుంది, ఏ పుంజు పిల్లలు గట్టిగా ఎదుగుతాయి అన్నది గిరిజన ఇళ్లలో ఆడవాళ్లకు బాగా తెలుసు. పొరుగువారి పెట్టను తెచ్చి పెంచి, పుట్టిన పిల్లల్ని పంచుకునే వాటా పద్ధతి కూడా మన్యం గ్రామాల్లో ఉంది. చేతిలో పైసా లేని ఇంట్లో కూడా కోళ్ల పెంపకం మొదలయ్యేది ఇలాగే. నాటుకోడికి పట్నాల్లో గిరాకీ ఉంది. అసలు జాతి పుంజుకు ఇంకా ఎక్కువ. ఇప్పుడు కోస్తాలో పెరూ నుంచి తెచ్చిన జాతులతో సంకరం చేయడం మొదలయ్యాక, కలగలవని కొండ జాతిని నిలుపుకోవడం మరీ అవసరమైంది.

ఈ ఆదాయాన్ని తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. పశువైద్యులు రాణిఖేత్‌ అనే ఈ వైరస్‌ జబ్బు పెరట్లో అడుగుపెడితే రోజుల్లో కోళ్లన్నీ పోతాయి. సోకాక మందు లేదు, టీకా మాత్రం ఉంది. పిల్లకు వారం లోపు లసోటా చుక్కలు, ఎనిమిది వారాలకు ఆర్‌టుబీ సూది వేయాలి. కొండ ఊళ్లలో చిక్కు టీకాను చల్లగా ఉంచి, గుడిసెల దాకా చేర్చడం, పదేసి కోళ్లున్న ఇళ్లవాళ్లను ఒకే రోజు ఒకచోటికి తేవడం. స్థానిక మహిళలకే శిక్షణ ఇచ్చి, ఊరంతా ఒకే రోజున టీకాలు వేయించిన చోట్ల ఈ చిక్కు తీరింది. ఒక పెట్ట ఒక విడత పొదిగే పది పన్నెండు గుడ్లలో ఎన్ని పిల్లలు సంత దాకా చేరతాయో ముందే చెప్పాలంటే, ఇంట్లో టీకా పడిందా లేదా అని అడిగితే సగం జవాబు దొరుకుతుంది.